బారెల్ మీద రెండక్షరాలు

(అమెరికాలో ఒక గ్రంథాలయంలో, స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్న తెలుగువారి ముందు చేసిన ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం.

తుపాకుల మీద మాట్లాడతానని చెప్పగానే ఒకరిద్దరు పక్కకు పిలిచి "ఎందుకండీ మనకీ గొడవ?" అన్నారు. వాళ్ల టెన్షన్ అర్థమైంది. ఈ దేశంలో తుపాకీ మాట ఎత్తితే ముందు భయం, ఆ వెనకే రాజకీయం వస్తాయి. ఈరోజు ఆ రెండింటి జోలికీ పోను. ఒక చేతిపని గురించి, ఆ పనిలో తలపండి కూడా ఊరూ పేరూ తెలియకుండా పోయిన మనుషుల గురించి, వాళ్ల జాడ ఎలా తీయాలనే దాని గురించి చెబుతాను. వాళ్లు మరీ పాతకాలం వాళ్లు కారు. మన నాన్నల వయసు, తాతల వయసు వాళ్లు.

ఒక సన్నివేశం ఊహించుకోండి. మీ వీధిలో ఒక పెద్దాయన పోయారు. పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మకానికి పెట్టారు. గోడ మీద మనిషి ఛాతీ దాకా వచ్చేంత పొడవు తుపాకీ ఒకటి వేలాడుతోంది. అలలు తేలిన మేపుల్ కర్ర, ఇత్తడి బిగింపులు, మడమ (భుజానికి ఆనించే కర్ర చివర) పక్కన మూత ఉన్న చిన్న పెట్టె. చూస్తే రెండు వందల ఏళ్ల నాటిదిలా ఉంది. ఎనిమిది పలకల బారెల్ పైపలక మీద రెండే రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఎవరు చేశారని అడిగితే "ఏమో, నాన్న ఎక్కడో కొన్నారు" అన్నారు పిల్లలు. ఈ రెండక్షరాల మనిషి ఎవరు? నా ప్రసంగమంతా ఈ ప్రశ్న చుట్టూనే.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. దీనికి తూటాలుండవు. కొలిచిన తుపాకి మందును గొట్టం నోట్లోంచి పోసి, జిడ్డు పట్టించిన గుడ్డముక్కలో సీసపు గుండు పెట్టి, కడ్డీతో లోపలికి కూరాలి. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కు పలకను గీరి నిప్పురవ్వలు రాలుస్తుంది, మందు అంటుకుంటుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు కోసి ఉంటాయి కాబట్టి గుండు గిరగిరా తిరుగుతూ సూటిగా పోతుంది. 18వ శతాబ్దం తొలి భాగంలో జర్మనీ, స్విట్జర్లాండ్ ప్రాంతాల నుంచి ఆగ్నేయ పెన్సిల్వేనియాకు వచ్చిన పనివాళ్లు తమ దేశపు పొట్టి వేట రైఫిల్‌ను వెంట తెచ్చుకున్నారు. ఇక్కడి అడవుల్లో అది క్రమంగా మారింది. బారెల్ నలభై అంగుళాలు దాటింది, గుండు చిన్నదయింది, నాజూకు వచ్చింది. లాంకస్టర్, రెడింగ్, యార్క్, లీహై లోయ, ఇలా ఒక్కో చోట ఒక్కో పోకడ పుట్టింది. వీటినే తర్వాత కెంటకీ రైఫిళ్లన్నారు. చేసింది ఎక్కువగా పెన్సిల్వేనియాలో, పేరు మాత్రం కెంటకీది!

ఈ పని చేసేవాడికి ఇనుము కాచడం రావాలి, కర్ర చెక్కడం రావాలి, ఇత్తడి, వెండి మీద సన్నని గీత గీయడమూ రావాలి. మన ఊళ్లలో కమ్మరి, వడ్రంగి, కంసాలి అని మూడిళ్లు ఉండేవి. ఇక్కడ ఆ మూడిళ్ల పనీ ఒక్కడే చేయాల్సి వచ్చేది. నన్ను ఈ విషయంలోకి లాగింది తుపాకీ మీద మోజు కాదు, ఇదే.

19వ శతాబ్దం రెండో సగంలో వెనక నుంచి తూటా పెట్టే తుపాకులొచ్చి ఈ విద్యను మూలకు నెట్టాయి. అయినా అది పూర్తిగా చావలేదు. అపలాచియన్ కొండల్లో అక్కడక్కడా మిగిలింది. 1931లో ఒహాయో రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో పాత తుపాకులతో గురిపోటీ పెట్టారు. ఆ ఊపులోంచి 1933లో నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ పుట్టింది (మజిల్ లోడింగ్ అంటే నోటి నుంచి మందు కూరడం). 1939 నుంచి ఆ సంఘం 'మజిల్ బ్లాస్ట్స్' అనే పత్రిక నడుపుతోంది. ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరు వాళ్ల కేంద్రం. గురిపోటీలకు తుపాకులు కావాలి. పాతవి అరిగిపోయాయి, లేదా కాల్చడానికి మనసొప్పనంత విలువైనవయ్యాయి. కాబట్టి కొత్తవి చేసేవాళ్లు తయారయ్యారు. 1976లో దేశానికి రెండు వందల ఏళ్లు నిండినప్పుడు ఈ సరదా ఇంకా పెరిగింది. మన రెండక్షరాల మనిషి ఈ కాలంలోనే ఎక్కడో ఉన్నాడు.

ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. 1780 నాటి లాంకస్టర్ పనివాడి జాడ తీయడం కంటే 1965 నాటి మనిషి జాడ తీయడం కష్టం. 1780 మనిషికి తుపాకుల పని జీవనాధారం. పన్ను పుస్తకంలో అతని వృత్తి రాసుకున్నారు, వీలునామాలో పనిముట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు, శిష్యుణ్ని పెట్టుకుంటే ఒప్పందం రాసుకున్నారు. జేకబ్ డికర్ట్ లాంటి వాళ్ల మీద నూరేళ్లుగా పరిశోధన నడుస్తోంది. మొరేవియన్ అనే క్రైస్తవ శాఖ వాళ్ల క్రిస్టియన్స్ స్ప్రింగ్ పల్లెలో పనిచేసిన క్రిస్టియన్ ఓర్టర్ తన రైఫిళ్ల మీద పేరుతో పాటు సంవత్సరం కూడా చెక్కేవాడు. 1965 మనిషికి పగలు వేరే ఉద్యోగం ఉంటుంది. గనిలోనో, రైల్వేలోనో, మెషీన్ షాపులోనో. తుపాకీ పని సాయంత్రాలు గరాజ్‌లో. ఏ రికార్డులోనూ అతను తుపాకీకారుడు కాడు.

దీనికి తోడు చట్టం. 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం పురాతన తుపాకులకు ఒక నిర్వచనం ఇచ్చింది. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి, వాటి నమూనాలో ఇప్పుడు చేసినవైనా మామూలు తూటాలు వాడనివి, ఆ లెక్కలోకి వస్తాయి. ఫెడరల్ చట్టం దృష్టిలో అవి మామూలు తుపాకులు కావు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండొచ్చు, అది వేరే సంగతి. పరిశోధకుడికి దీని ఫలితం ఏమిటంటే, చేసేవాడికి లైసెన్సు అక్కర్లేదు, సీరియల్ నంబరు కొట్టనక్కర్లేదు, అమ్మినప్పుడు ఫారం నింపనక్కర్లేదు. ఫ్యాక్టరీ తుపాకీ అయితే నంబరు పట్టుకుని కంపెనీకి ఉత్తరం రాయొచ్చు. దీనికి నంబరే లేదు. ఈ విద్య బతకడానికి ఆ మినహాయింపు ఎంతో మేలు చేసింది. చరిత్ర రాసేవాడికి మాత్రం దారం మొదలే దొరకకుండా చేసింది.

సరే, తుపాకీని చేతిలోకి తీసుకుందాం. అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. పాత మజిల్ లోడర్లు చాలాసార్లు మందు కూరి ఉన్నట్టే గోడెక్కుతాయి. కడ్డీని గొట్టంలోకి వదిలి ఎంత లోతు దిగిందో గుర్తు పెట్టుకుని, బయట అదే కొలత పెట్టి చూస్తే లోపల ఏదైనా కూర్చుని ఉందో లేదో తెలిసిపోతుంది. అనుమానం వస్తే ఆ పని తెలిసినవాడికే అప్పగించండి. చరిత్ర తర్వాత చూసుకోవచ్చు.

తర్వాత, తెలిసినవాడి చేత బారెల్‌ను కర్రలోంచి విడదీయించాలి. కర్రలో దాగి ఉండే కింది పలకల మీద ఒక ముద్ర కనబడుతుంది. కొత్తగా వెతికేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. వెస్ట్ వర్జీనియా చార్ల్‌స్టన్ డగ్లస్ ముద్రో, ఒహాయోలోని ఐరన్‌టన్‌లో బారెళ్లు చేసిన బిల్ లార్జ్ పేరో, పెన్సిల్వేనియా గెట్జ్ పేరో ఉంటుంది. వెంటనే "దొరికాడు!" అని ఎగిరి గంతేస్తారు. దొరికింది బారెల్ చేసినవాడు, రైఫిల్ చేసినవాడు కాదు. లాక్ (నిప్పురవ్వ రాల్చే యంత్రభాగం) విప్పితే నార్త్ కరొలైనాకు చెందిన సైలర్ పేరు కనబడొచ్చు. బడ్ సైలర్ చేసిన లాకులు దేశమంతా వాడారు. అదీ మన మనిషి పేరు కాదు. ఒకే తుపాకీలో మూడు పేర్లుండి, నాలుగోవాడు దాన్ని చేసి ఉంటాడు.

"అన్నీ కొనుక్కొచ్చి బిగిస్తే అతను తయారీదారుడెలా అవుతాడు?" అని మీలో కొందరికి అనిపిస్తుంది. 18వ శతాబ్దంలోనూ లాకులు ఎక్కువగా ఇంగ్లండ్, జర్మనీల నుంచి దిగుమతి అయ్యేవి. బారెళ్లు చేసే మిల్లులు వేరే ఉండేవి. కొనడం కొత్త అలవాటేమీ కాదు. నా లెక్కలో కర్రకు రూపం ఇచ్చినవాడే తయారీదారుడు. మణికట్టు (కర్రను చేత్తో పట్టుకునే సన్నని చోటు) దగ్గర కర్ర ఎంత సన్నబడింది, మడమ కింది గీత ఎక్కడ వంగింది, లాక్ చుట్టూ ఎంత కర్ర వదిలాడు, ఇవి కొంటే వచ్చేవి కావు. అయితే 1970ల నుంచి ముందే చెక్కిన కర్రతో కిట్లు వెల్లువలా వచ్చాయి. వాటిని బిగించినవాళ్లు కూడా బారెల్ మీద దర్జాగా పేరు చెక్కుకున్నారు. దాని మీద నాకు కొంచెం చులకన ఉన్న మాట నిజమే. అలాగని వాళ్లను వదిలేయకూడదు. మంచి పనివాళ్లలో చాలామంది మొదట చేసింది కిట్టే.

కొన్న భాగాలు కాలం పట్టిస్తాయి. టెనెసీలోని యూనియన్ సిటీలో టర్నర్ కిర్క్‌లాండ్ 1954లో డిక్సీ గన్ వర్క్స్ మొదలుపెట్టాడు. దాని లావుపాటి కేటలాగులు ఏటా వచ్చేవి. మీ తుపాకీ ట్రిగ్గర్ గార్డ్ అచ్చు ఏ ఏడాది కేటలాగులో మొదటిసారి కనబడిందో చూస్తే, ఆ తుపాకీ అంతకు ముందుది కాదని తేలుతుంది. బారెల్ రూపం కూడా చెబుతుంది. పాతకాలపు బారెల్ మొదట్లో లావుగా మొదలై, నడుమ సన్నబడి, నోటి దగ్గర మళ్లీ కాస్త విచ్చుకుంటుంది. అలా చేయడం మెషీన్‌కు కష్టం. అందుకే 1960, 70లలో ఎక్కువగా దొరికినవి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే లావున్న బారెళ్లు. మీ తుపాకీకి అలాంటి బారెల్ ఉంటే ఆ కాలం మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇటలీలో చేసిన భాగాలైతే మన పని ఇంకా సులువు. గార్డోనే వాల్ ట్రోంపియా పరీక్షాశాల తుపాకి మందు పరీక్ష ముద్రతో పాటు సంవత్సరం గుర్తు కూడా కొడుతుంది. 1974 దాకా రోమన్ అంకెలు, 1975 నుంచి రెండక్షరాల జంట. మీ తుపాకీ మీది రెండక్షరాలు అవేమో ముందు చూసుకోండి! (నవ్వులు.) అమెరికాలో ఇలాంటి తప్పనిసరి పరీక్ష లేదు. అందుకే ఇక్కడివాడు చేసినదాని మీద అలాంటి పరీక్ష ముద్ర ఉండదు.

బారెల్ తీసేశాక ఆ గాడిలో, మడమ పలక కింద, చిన్న పెట్టె మూత లోపల లైటు వేసి చూడండి. పెన్సిల్‌తో తేదీ, కొనబోయేవాడి పేరు, "రెండోది" అని ఒక అంకె, ఇలాంటివి రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. కర్రను గుల్ల చేసిన తీరు గమనించండి. ఉలి వేటు వేరు, కరెంటు రౌటర్ వదిలే గుండ్రటి జాడ వేరు. కర్రకూ లోహానికీ మధ్య నింపిన ఎపాక్సీ జిగురు ఉందంటే అది మన కాలపు పనే. మేకు మరల (స్క్రూల) కొన చూడండి. సూది మొన ఉన్న మరలు 19వ శతాబ్దం నడుమ నుంచే వచ్చాయి. పట్టింపు ఉన్న పనివాడు ఆ మొనను ఆకురాయితో అరగదీసి మొద్దు చేస్తాడు. ఎవరూ చూడని చోట కూడా ఇంత శ్రద్ధ పెట్టాడంటే అతను ఆషామాషీ మనిషి కాదు. ఇలాంటి అలవాట్లే తర్వాత అతని ఇంకో తుపాకీని గుర్తుపట్టడానికి పనికొస్తాయి. రెండక్షరాలనూ అలాగే చూడాలి. పంచ్‌లతో కొట్టినవైతే హార్డ్‌వేర్ షాపులో ఎవరైనా కొనుక్కోగల సెట్. చేతితో చెక్కినవైతే ఆ వంపు అతనిదే. లైటును పక్క నుంచి, బాగా వాల్చి వేసి ఫొటో తీయండి. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు.

ఇప్పుడు ఈ పరిశోధనలో అసలు చిక్కు చెబుతాను. పాత రైఫిళ్లను గుర్తుపట్టే శాస్త్రం ఒకటుంది. యార్క్‌లో పురాతన వస్తువుల వ్యాపారం చేసిన జో కిండిగ్ జూనియర్ వందల తుపాకులు పరిశీలించి, చెక్కడాన్ని బట్టి, రూపాన్ని బట్టి ఇది ఫలానా కౌంటీ పోకడ, ఇది ఫలానావాడి చేయి అని వర్గీకరించి 1960లో పుస్తకంగా అచ్చువేశాడు. సంతకం లేని తుపాకీని కూడా ఆ పద్ధతిలో ఒక ఊరికి చేర్చొచ్చు. అప్పటి పనివాడు తన గురువు దగ్గర చూసిందే చేశాడు, వేరే చోటి పోకడ అతనికి తెలిసే అవకాశం తక్కువ. కానీ 1970లో పనిచేసినవాడి బల్ల మీద ఆ పుస్తకమే ఉంది! ఆరెగన్‌లో కూర్చుని లీహై లోయ రైఫిల్ చేస్తాడు. వచ్చే ఏడు బెడ్‌ఫర్డ్ కౌంటీ పోకడలో చేస్తాడు. ఆ పై ఏడు సెయింట్ లూయీ హాకెన్ అన్నదమ్ముల నమూనాలో బరువైన మైదానపు రైఫిల్ చేస్తాడు. పోకడను బట్టి ఊరు పట్టే పద్ధతి ఇక్కడ చతికిలబడుతుంది. కాబట్టి పోకడ కింద దాగిన చేతి అలవాటును వెతకాలి. లాక్ మరల తలలు ఎలా గుండ్రం చేశాడు, లోపలి కర్ర ఎంత శుభ్రంగా వదిలాడు, ఇత్తడిని ఎక్కడ ఆకురాయి గీత కనబడకుండా మెరుగుపెట్టాడు. నమూనా మార్చినా ఇవి మారవు.

గురువు పేరు కూడా ఇలాగే మోసం చేస్తుంది. కెంటకీలోని వుడ్‌బరీ అనే చిన్న ఊళ్లో హెర్షెల్ హౌస్, ఆయన తమ్ముళ్లు ఇనుప బిగింపులతో, పెద్ద నగిషీలు లేకుండా, వాడిన పనిముట్టులా కనిపించే రైఫిళ్లు చేశారు. ఆ తీరును వుడ్‌బరీ బడి అనేంతగా ఎంతోమంది అందిపుచ్చుకున్నారు. ఇప్పుడు అలాంటి ఏ రైఫిల్ కనబడినా "హౌస్ చేసిందే" అని అమ్మేవాళ్లకు కొదవ లేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఈ వ్యాపారంలో మహా మామూలు.

ఇక కాగితాలు. 1950 జనగణన పత్రాలు 72 ఏళ్ల గడువు తీరి 2022 ఏప్రిల్ 1న బయటికొచ్చాయి. వాటిలో వృత్తి గడి ఉంటుంది. మన మనిషి పేరు మీద మీకు అనుమానం ఉంటే అక్కడ "తుపాకీ తయారీ" అని వెతకకండి. మెషినిస్టు, టూల్ అండ్ డై, వడ్రంగి, పాటర్న్ మేకర్, ఈ మాటల కింద వెతకండి. 1942 సైనిక నమోదు కార్డుల మీద పనిచేసే చోటు రాసి ఉంటుంది. అది చూస్తే అతనికి లేత్ మీద చేయి ఎక్కడ తిరిగిందో అర్థమవుతుంది. 'మజిల్ బ్లాస్ట్స్' పాత సంచికల్లో వ్యాసాలు పక్కన పెట్టి, వెనక పేజీల చిన్న ప్రకటనలు చదవండి. "పాత పద్ధతిలో రైఫిళ్లు చేయబడును" అనే తరహా రెండు లైన్ల కింద పేరు, ఊరు ఉంటాయి. గురిపోటీ ఫలితాల్లో గెలిచినవాడి పక్కన తుపాకీ చేసినవాడి పేరు కూడా అప్పుడప్పుడూ వేస్తారు. ఒక బిజినెస్ కార్డో, కవరో దొరికి దాని మీద తేదీ లేకపోతే చిరునామా చూడండి. అయిదంకెల జిప్ కోడ్, రాష్ట్రానికి రెండక్షరాల పొట్టిపేరు 1963లో వచ్చాయి. టెనెసీని 'టెన్' అన్నట్టు మూడు నాలుగక్షరాల్లో రాసి జిప్ లేకుండా ఉంటే అంతకు ముందుది అయ్యే వీలుంది. వీలుందని మాత్రమే. పాత అలవాటు మానని పెద్దవాళ్లు, అచ్చయిన కార్డులు అయిపోయేదాకా వాడే పొదుపరులు ఏ దేశంలోనైనా ఉంటారు.

కౌంటీ వారపత్రికలో మరణవార్త తప్పక చూడాలి. ఉద్యోగం, చర్చి, మనవల పేర్లు అన్నీ అయ్యాక చివర్న ఆయనకు పాత తుపాకులు చేయడం సరదా అని ఒక ముక్క ఉంటుంది. జీవితమంతా చేసిన పని అక్కడ ఒక ముక్కకు కుదించుకుపోతుంది. కానీ ఆ ముక్క కింద బతికున్నవాళ్ల పేర్లు ఉన్నాయి. మీకు కావలసింది వాళ్లే.

మనుషుల దగ్గరికి ఎలా వెళ్లాలో నేర్పినవాళ్లు జార్జియా కొండల్లోని హైస్కూలు పిల్లలు. రేబన్ కౌంటీలో 1966లో ఫాక్స్‌ఫైర్ అనే పత్రిక మొదలుపెట్టి, టేప్ రికార్డర్లు పట్టుకుని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి పాత పనులన్నీ అడిగి రాసుకున్నారు. 1979లో వచ్చిన వాళ్ల అయిదో సంపుటంలో చెకుముకి రైఫిళ్ల పని మీద పెద్ద భాగమే ఉంది. అందులో వాళ్లు సిద్ధాంతాలు అడగలేదు. ఈ పనిముట్టు ఎక్కడిది, ఇది ఎలా పడతారు అని అడిగారు. మీరూ అదే చేయండి. "మీ నాన్నగారి కళాదృష్టి ఏమిటి?" అంటే ఎవరికీ నోరు పెగలదు. "కర్ర ఎక్కడ కొనేవారు? గరాజ్‌లో ఆయనతో ఎవరు కూర్చునేవారు?" అంటే గంటసేపు చెబుతారు. గరాజ్‌లో కూర్చున్న ఆ స్నేహితుడి ఇంట్లో ఇంకో తుపాకీ ఉండే అవకాశం చాలా ఎక్కువ. పనివాళ్లలో చాలామంది మొదటి తుపాకులు డబ్బుకు అమ్మలేదు, దేనికో దానికి మార్చుకున్నారు.

సంతలకూ వెళ్లాలి. ఫ్రెండ్‌షిప్‌లో ఏటా రెండుసార్లు జాతీయ పోటీలు జరుగుతాయి. పెన్సిల్వేనియా కెంప్టన్‌లో డిక్సన్ల దుకాణం దగ్గర తుపాకీకారుల జాతర జరిగేది. అక్కడ పనిని న్యాయనిర్ణేతలు పరిశీలించి, తప్పొప్పులు కాగితం మీద రాసి ఇచ్చేవారు. అలాంటి కాగితం ఒక్కటి దొరికినా మీ పంట పండినట్టే. 1996లో పుట్టిన కాంటెంపరరీ లాంగ్‌రైఫిల్ అసోసియేషన్ ఇప్పటి పనివాళ్ల కోసమే ఉన్న సంఘం. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో వాళ్ల ప్రదర్శన జరుగుతుంది. రెండక్షరాల ఫొటో పట్టుకుని అక్కడ బల్లబల్లకూ తిరిగితే, "ఇది ఫలానావాడి కర్రలా ఉందే" అని ఎవరో ఒకరు అంటారు. వెంటనే నమ్మేయకండి, రాసుకోండి. ఒకరినొకరు ఎరగని ఇద్దరు అదే పేరు చెబితే అప్పుడు బలం.

సంస్థ వెనక ఉంటే చరిత్ర ఎలా ఉంటుందో చూడాలంటే వాలెస్ గస్లర్‌ను చూడండి. 1960లలో వర్జీనియాలో పాతకాలపు ఊరినే మ్యూజియంగా నిలబెట్టిన కొలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో చేరి, బారెల్, లాక్, మరలు, కర్ర అన్నీ 18వ శతాబ్దపు పనిముట్లతో ముడిసరుకు నుంచి తానే చేసి, పోయిందనుకున్న విద్యను తిరిగి పట్టుకున్నాడు. ఇనుప పట్టీని కాచి గొట్టంగా అతకడం దగ్గర్నుంచి 1969లో ఆ సంస్థ డాక్యుమెంటరీ తీసింది. తర్వాత ఆయన ఫర్నిచర్ క్యురేటర్ అయ్యాడు. ఆయన జీవితంలో ఏ దశకైనా కాగితం ఉంది. అదే టెనెసీలో పిండిమర నడుపుకుంటూ రైఫిళ్లు చేసిన హ్యాకర్ మార్టిన్ 1895లో పుట్టి 1970లో పోయాడు. ఆయన పేరు ఈ విద్య తెలిసినవాళ్ల మధ్య గౌరవంగా వినిపిస్తుంది, బయట ఎవరికీ తెలియదు. మార్టిన్ కంటే ఒక మెట్టు కింద ఉన్నవాళ్లు ఎందరు? వాళ్ల కోసమే ఈ తిప్పలన్నీ.

ఇంతకు మించి సాగదీయను. ప్రశ్నలు అడగండి.

*ప్రశ్న: ఇలాంటి కొత్త తుపాకీని పాతదని అమ్మేస్తే పట్టుకోగలమా?*

తరచూ పట్టుకోవచ్చు, ఎప్పుడూ కాదండి. ఇప్పటి పనివాళ్లలో కొందరు కావాలనే రెండు వందల ఏళ్లు వాడినట్టు మరకలు, గీతలు తెప్పించి చేస్తారు. అది మోసం కాదు, కింద తమ పేరు పెడతారు. మోసం చేసేది తర్వాత చేతులు మారినవాడు. పేరును ఆకురాయితో గీకేస్తాడు. పైపలక మీద ఒకచోట కాస్త పల్లంగా ఉందా అని గీటుబద్ద ఆనించి చూడాలి. మన మనిషి పేరు పోవడానికి ఇది కూడా ఒక కారణం. అతను చెక్కకపోవడం కాదు, ఎవడో చెరిపేయడం.

*ప్రశ్న: మన వైపు ఇలాంటి పనివాళ్ల పేర్లు దొరుకుతాయా?*

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ మీకు తెలుసు. 1795లో ఫిరంగుల కార్ఖానా పెట్టిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు అందరికీ తెలుసు. కొలిమి దగ్గర నిలబడి పోత పోసినవాళ్లలో ఒక్క పేరు చెప్పండి చూద్దాం. నిజామాబాద్ వైపు కోన సముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఊరి పేరు నిలిచింది. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో నిలబడి చూసినా మనకు ఎక్కువగా తెలిసేది వాడినవాళ్ల పేర్లే. ఇంకో తేడా ఉంది. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద కాల్చడానికి పనికొచ్చే మజిల్ లోడర్‌కైనా లైసెన్సు కావాలి. అందుకే ఇక్కడిలా సాయంత్రం సరదాగా గరాజ్‌లో చేసుకునే సంప్రదాయం అక్కడ పెరిగే వీల్లేదు. ఇక్కడ విన్నది పట్టుకుని సెలవులకు ఊరెళ్లినప్పుడు అటక మీది నాటు తుపాకీని దించి ప్రయోగాలు చేయకండి.

*ప్రశ్న: కుటుంబం వాళ్లు మాట్లాడడానికి ఇష్టపడకపోతే?*

వదిలేయాలండి. కొన్ని ఇళ్లలో తుపాకీ అంటే వేరే జ్ఞాపకాలుంటాయి. మాట్లాడినా సరే, ఏ ఇంట్లో ఎన్ని తుపాకులున్నాయో, ఆ ఇల్లు ఎక్కడో రాతలో పెట్టకూడదు. దొంగలకు దారి చూపినట్టవుతుంది. నేనైతే కౌంటీ పేరు దగ్గరే ఆగుతాను. తుపాకీ ఉన్నవాళ్లను మాత్రం ఒకటి అడుగుతాను: ఎవరు చేశారని విన్నారు, ఎవరి దగ్గర, ఏ ఏడు, ఎంతకు కొన్నారు అని ఒక మంచి కాగితం మీద రాసి తుపాకీతో పాటు ఉంచమని. కర్ర మీద రాయొద్దు.

*ప్రశ్న: ఆ గోడ మీది తుపాకీ ఎంత చేస్తుంది?*

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు! (నవ్వులు.) పేరు తెలియనంత కాలం మార్కెట్ దాన్ని బారెల్ ఇంత, లాక్ ఇంత అని భాగాలుగా లెక్కగడుతుంది. మంచి పనివాడి పేరు రుజువైతే ధర మారిపోతుంది. అందుకే అమ్మబోయేవాడు అడిగితే "ఫలానావాడు చేశాడు" అని నేను రాసివ్వను. ముద్రలు ఏమున్నాయి, ఏ కేటలాగుతో సరిపోలింది, ఎవరు ఏం చెప్పారు, ఆ మూడూ వేరువేరుగా రాసిస్తాను. పేరు పక్కన "కావచ్చు" అని పెడతాను. దాన్ని కొట్టేసి అమ్ముకుంటే నా చేతిలో లేదు. అయితే నా దగ్గర ఒక నకలు ఉంటుంది. బల్ల మీద ముద్రల ఫొటోలు పెట్టాను, చూడాలనుకున్నవాళ్లు రండి.